అరచేతి తెర – అరవై దాటిన చూపు

నవంబరు మాసం వచ్చిందంటే దేశంలోని పింఛనుదారుల ఇళ్లలో ఒక విధమైన ఆదుర్దా మొదలవుతుంది. తాము జీవించి ఉన్నట్లు ఏటా ధ్రువపత్రం సమర్పిస్తేనే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఆపై నెలల పింఛను ఆటంకం లేకుండా అందుతుంది. ఒకప్పుడు ఇందుకోసం వృద్ధులు బ్యాంకుకో, ఖజానా కార్యాలయానికో స్వయంగా వెళ్లి, బారులో నిలిచి, అధికారి ఎదుట సంతకం చేయవలసి వచ్చేది. 2014 నవంబరు 10న 'జీవన్ ప్రమాణ్' ప్రారంభమైన తరువాత వేలిముద్ర లేదా కనుపాప ఆధారంగా ఈ పత్రాన్ని పొందే వీలు కలిగింది. కాని వయసు మీరినకొద్దీ వేలిముద్రలు అరిగిపోతాయి; యంత్రం వాటిని గుర్తించలేని సందర్భాలు ఏర్పడతాయి. 2021 నవంబరులో ముఖాన్ని గుర్తించే పద్ధతిని కూడా ప్రవేశపెట్టడంతో, పింఛనుదారు ఇల్లు కదలకుండానే చేతిలోని మొబైలు ఫోనుకు ముఖం చూపి పని ముగించుకోవచ్చును. ఎనభై ఏళ్లు నిండినవారికి అక్టోబరు 1 నుంచే ఈ అవకాశం ఉన్నది.

ఏర్పాటు ఉత్తమమైనదే. అయితే ఆ ఏర్పాటుకు వృద్ధునికి మధ్య అరచేతి వెడల్పు గల ఒక అద్దపు తెర నిలిచి ఉన్నది. ఆ తెర ముందు కూర్చున్న ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుని ఊహించవచ్చును. పక్కన మనుమరాలు ఉంటుంది. "తాతయ్యా, పైన మూడు చిన్న గీతలున్నాయి చూడండి, అక్కడ నొక్కండి" అంటుంది. "గీతలా? ఎక్కడమ్మా? నాకేమీ ఆనడం లేదే" అంటాడాయన. వేలు పక్కకు జారుతుంది. వేరొక పుట తెరుచుకుంటుంది. ఫోనుకు వచ్చిన సంకేత సంఖ్యను చదివి, గుర్తుంచుకొని, వెనుకకు వచ్చి నొక్కేలోగా గడువు తీరిపోతుంది. "ఇంతమందికి లెక్కలు చెప్పినవాణ్ణి, నాకిది పట్టుబడదేమిటమ్మా?" అని ఆయన చిన్నబుచ్చుకుంటాడు.

నిజానికి లోపం ఆయనది కాదు. ఆ తెరను రూపొందించిన వేళ ఆయన కన్ను, వేలు, భాష ఎవరి తలపుకూ రాలేదు. లోపం ఉన్నది అక్కడనే.

కిటికీ మారింది, ఎత్తు మారలేదు

2011 జనగణన ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు పైబడినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది. వారిలో అక్షరాస్యులు నూటికి 44 మంది. పురుషులలో 59 మంది కాగా, స్త్రీలలో 28 మంది మాత్రమే. పింఛను, రేషను, బ్యాంకు ఖాతా, రైలు టికెట్టు, ఆసుపత్రి నమోదు, కరెంటు బిల్లు మొదలైన వ్యవహారాలు ఒక్కొక్కటిగా మొబైలు ఫోనులోకి ప్రవేశిస్తున్న కాలంలో, ఆ తెరను చదవలేనివారు క్రమంగా పౌరజీవితానికే దూరమయ్యే ప్రమాదమున్నది.

వార్ధక్యంలో ప్రజలకు ప్రభుత్వ సహాయం పొందే హక్కును కల్పించడానికి రాజ్యం తన శక్తిమేరకు పాటుపడవలసి ఉన్నదని రాజ్యాంగం 41వ అధికరణం నిర్దేశించింది. ఒకనాటి కార్యాలయపు కిటికీ ఈనాడు అరచేతి తెర అయినది. కిటికీ చేతికందని ఎత్తులో ఉన్నప్పుడు, లోపల ఎంత మంచి గుమస్తా కూర్చున్నప్పటికీ బయటివానికి ప్రయోజనం లేదు. కిటికీని దించవలసిన బాధ్యత కార్యాలయానిది. తెరను సరిచేయవలసిన బాధ్యత దానిని రూపొందించినవారిది.

కన్ను కోరే మార్పులు

నలభై దాటిన తరువాత కంటిలోని కటకం సాగే గుణాన్ని కోల్పోతుంది. దగ్గరి వస్తువులు మసకబారతాయి. దీనినే పెద్దలు చత్వారమంటారు. వయసు పెరిగినకొద్దీ కటకం పసుపు వన్నె తిరుగుతుంది. నీలం, ఆకుపచ్చ వంటి రంగుల మధ్య తేడా తగ్గుతుంది. కంటిపాప కుంచించుకుపోతుంది. ఈ కారణాల వల్ల ఇరవై ఏళ్ల యువకుని కంటి లోపలి పొరకు చేరే వెలుతురులో దాదాపు మూడవ వంతు మాత్రమే అరవై ఏళ్లవారి కంటికి చేరుతుంది. శుక్లాలు ఏర్పడినవారికి ఎండలో తెర మీద మెరుపు తప్ప మరేమీ కనిపించదు.

అక్షరాన్ని పెద్దది చేసినంత మాత్రాన ఈ సమస్య తీరదు. అక్షరానికి, దాని వెనుకనున్న రంగుకు మధ్య వెలుగులో తగినంత వ్యత్యాసం ఉండాలి. తెల్లని నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు యువకుల కంటికి సొగసుగా తోచవచ్చును; వృద్ధుల కంటికి అవి లేనట్లే. ప్రపంచవ్యాప్తంగా అంతర్జాల ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, మామూలు పరిమాణంలోని అక్షరాలకు ఈ వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలని నిర్ణయించింది. తెలుపు మీద నలుపుకు ఇది 21:1. ఆ 4.5 అనే అంకెను ఊరకనే ఎంచుకోలేదు. సుమారు ఎనభై ఏళ్లవారికి సాధారణంగా ఉండే చూపును లెక్కలోకి తీసుకొని దానిని నిర్ణయించారు.

అక్షరాలను రెండింతలకు పెంచినప్పటికీ విషయం గాని, మీట గాని తెరపై నుంచి మాయం కాకూడదని కూడా ఆ ప్రమాణం చెబుతున్నది. నేటి ఫోనులలో అక్షరాలను పెద్దవి చేసుకునే సదుపాయం ఉన్నది. కాని పెంచిన వెంటనే కొన్ని యాప్‌లలో వాక్యాలు ఒకదానిపై ఒకటి పడతాయి. 'సమర్పించు' అనే మీట తెర అంచు దాటి పోతుంది. చిన్న అక్షరాలతోనైతే చదవలేరు, పెద్ద అక్షరాలతోనైతే పని పూర్తి చేయలేరు. వృద్ధులను ఇటువంటి సంకటంలో పెట్టే తెర అసంపూర్ణమైన తెర.

ముఖం చూపే పద్ధతిలో మరొక చిక్కు ఉన్నది. వృద్ధులలో అనేకులు రెండు చూపుల కళ్లద్దాలు వాడతారు. దగ్గరి అక్షరాలు చదివే భాగం ఆ అద్దాల అడుగున ఉంటుంది. ముఖం పటంలో ఇమడడానికి ఫోనును కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టాలి. అప్పుడు చూపు అద్దాల పై భాగం నుంచి పోతుంది. తెర మీది సూచనలు చదవడానికి వీలుపడదు. తల పైకెత్తితే ముఖం పటంలో నుంచి తప్పుకుంటుంది. ఆ క్షణంలో ఫోను సూచనను పైకి చదివి వినిపించడం తేలికైన పరిష్కారం. "ఇంకొంచెం వెలుతురులోకి రండి" అనే మాట చెవిన పడితే, కళ్లద్దాలతో పోరాడవలసిన అవసరం ఉండదు.

వేలు, చెవి, జ్ఞాపకం

నేటి ఫోను తెర ఒత్తిడికి స్పందించదు. తెర మీద పరచుకున్న అతి స్వల్పమైన విద్యుత్ క్షేత్రంలో వేలి స్పర్శ వల్ల కలిగే మార్పును అది గుర్తిస్తుంది. వయసుతో చర్మం పొడిబారడం వల్ల ఒక్కొక్కసారి ఆ మార్పు చాలినంతగా కలగదు. అప్పుడు వృద్ధులు ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు నొక్కుతారు. ఎక్కువసేపు నొక్కినందుకు ఫోను మరొక అర్థం తీసి, వేరొక పట్టికను తెరుస్తుంది. చేయి వణికేవారికి ఒక్క స్పర్శ రెండు స్పర్శలవుతుంది.

ఇందుకు నివారణోపాయాలు తెలిసినవే. ఆండ్రాయిడ్ ఫోనుల రూపకల్పన సూత్రాలు మీట పొడవు, వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో మూడవ వంతుకు కొంచెం మించి ఉండాలని సూచిస్తున్నాయి. మీటల మధ్య ఖాళీ ఉండాలి. 'చెల్లించు', 'రద్దు' అనే మీటలు పక్కపక్కన అంటుకొని ఉండరాదు. తెరను పక్కకు తోయడం, రెండు వేళ్లతో సాగదీయడం వంటి కనబడని కదలికల మీద ఆధారపడక, ప్రతి పనికీ కంటికి కనిపించే మీట ఒకటి ఉండాలి. ఆ మీట మీద బొమ్మతోపాటు మాట కూడా ఉండాలి. మూడు గీతలకు 'పట్టిక' అని, ఇంటి బొమ్మకు 'మొదటి పుట' అని ఎవరో చెబితే తప్ప తెలియదు. అన్నిటికంటె ముఖ్యంగా, పొరపాటు జరిగితే వెనుకకు మరలే దారి ప్రతి పుటలోను ఒకేచోట ఉండాలి. వెనుకకు మరలవచ్చునన్న భరోసా ఉన్నప్పుడే ముందుకు నొక్కే ధైర్యం కలుగుతుంది.

చెవి విషయానికి వస్తే, వయసుతో ముందుగా వినబడకుండా పోయేవి కీచుమనే ధ్వనులు. కావున సన్నని గంట శబ్దానికి బదులు మందమైన ధ్వని, దానితోపాటు ఫోను కంపించడం మేలు. జ్ఞాపకం విషయంలో గమనించవలసినది మరొకటి ఉన్నది. వృద్ధుల తెలివి తగ్గదు; ఒకేసారి అనేక అంశాలను మనసులో నిలుపుకొనే వేగం తగ్గుతుంది. ఆరంకెల సంఖ్యను ఒక పుటలో చూసి, మరొక పుటలో నింపడం వారికి భారమవుతుంది. గడువు విధించినచోట, అది తీరకముందే హెచ్చరించి, కనీసం ఇరవై సెకన్లు సమయమిచ్చి, ఒక తేలికైన చర్యతో దానిని పొడిగించుకునే వీలు కల్పించడం అంతర్జాతీయ ప్రమాణాలు చూపిన మార్గాలలో ఒకటి. 2023లో వెలువడిన ప్రమాణాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒకసారి నింపిన వివరాన్ని అదే పనిలో మళ్లీ నింపమని అడగరాదని, సహాయం కోరే చోటు అన్ని పుటలలో ఒకే స్థానంలో ఉండాలని పేర్కొన్నాయి.

లిపి కోరే స్థలం

ఈ సూత్రాలలో అధిక భాగం రోమను లిపిని దృష్టిలో పెట్టుకొని పుట్టినవి. మన దేశపు తెర అంతకంటె ఎక్కువ భారం మోయవలసి ఉన్నది. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలున్నాయి. తెలుగులో అక్షరం పైన గుడి, ఏత్వం, కింద వత్తు చేరుతాయి. ఆంగ్లానికి సరిపోయే వరుసల ఎడంలో తెలుగును ఇరికిస్తే, పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. అక్షరం చిన్నదైనప్పుడు ద–ధ, డ–ఢ, ప–ఫ వంటి జంటల మధ్యనుండే చిన్న గీత మొట్టమొదట కనుమరుగవుతుంది. ఆంగ్లంలో సరిపోయిన పరిమాణం కంటె తెలుగులో అక్షరం పెద్దదిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలనడానికి ఇదే కారణం.

ఉర్దూను కుడి నుంచి ఎడమకు చదువుతారు. నస్తాలీఖ్ లిపిలో పదం పై నుంచి ఏటవాలుగా కిందికి దిగుతుంది. సంతాలీ భాషకు 1925లో పండిత రఘునాథ్ ముర్ము రూపొందించిన ఓల్ చికి లిపి ఉన్నది. ఒక్కొక్క లిపికి తగిన స్థలం ఇవ్వని తెర, ఆ లిపిని చదివే వృద్ధులకు తలుపు మూసినట్లే. తెలుగు, తమిళం, మలయాళం వంటి భాషలలో ప్రత్యయాలు కలిసి పదాలు పొడవవుతాయి. ఆంగ్లపు పొట్టి మాట కోసం కొలిచిన మీటలో ఆ పదం పట్టక, సగంలో తెగి, చివర మూడు చుక్కలు మిగులుతాయి. తెగిన మాట 'నమోదు చేయండి' అన్నదో, 'నమోదు రద్దు' అన్నదో ఊహించుకోవలసిన పని వృద్ధులపై పడుతుంది.

ఈ దిశలో ప్రభుత్వం ఒక మౌలికమైన చర్య తీసుకొన్నది. మన దేశంలో విక్రయించే మొబైలు ఫోనులలో 22 భాషల సందేశాలను చదివే వీలు, ఆంగ్లం, హిందీతోపాటు కనీసం మరొక భారతీయ భాషలో రాసే వీలు ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో ప్రమాణాన్ని ప్రకటించింది. అక్షరం తెరకు చేరింది. ఇక చేరవలసినది సుబోధకమైన మాట. "ప్రమాణీకరణ విఫలమైనది" అన్న వాక్యం తెలుగే. కాని దానిని చదివిన వృద్ధురాలికి ఏమి చేయాలో తెలియదు. "మీ ముఖం సరిగా కనబడలేదు. వెలుతురులోకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి" అంటే ఆమె లేచి గుమ్మం దగ్గరకు వస్తుంది. మొదటి వాక్యం యంత్రం స్థితిని తెలిపింది. రెండవది మనిషికి దారి చూపింది.

భయం తీర్చే తెర

వృద్ధులు ఫోనును ముట్టుకోవడానికి వెనుదీయడంలో భయం పాలు హెచ్చు. ఆ భయం నిరాధారమైనది కాదు. 2016లో ఏకీకృత చెల్లింపుల విధానం ఆరంభమైన తరువాత డబ్బు పంపడం ఎంత సులువైనదో, మోసపోవడమూ అంత సులువైనది. "మీకు డబ్బు వస్తుంది, పిన్ సంఖ్య నొక్కండి" అని మోసగాడు ఫోనులో చెబుతాడు. డబ్బు స్వీకరించడానికి పిన్ అవసరం లేదన్న సంగతి తెలియనివారు నొక్కుతారు. ఆ క్షణంలో తెర మీద "మీ ఖాతా నుంచి అయిదు వేల రూపాయలు పోతున్నాయి" అని పెద్ద అక్షరాలలో, సొంత భాషలో, అంకెతోపాటు మాటలలో కనిపించితే ఎన్నో ఇళ్లలో కన్నీరు తప్పుతుంది. వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడిగే అభ్యర్థనలు పంపుకొనే పద్ధతిని 2025 అక్టోబరు నుంచి నిలిపివేయవలసిందిగా భారత జాతీయ చెల్లింపుల సంస్థ ఆదేశించింది. ప్రమాదకరమైన మీటను తీసివేయడం కూడా మంచి రూపకల్పనే. మోసం జరిగిన వెంటనే పిలవవలసిన 1930 సంఖ్య, వృద్ధుల సహాయానికి ఉద్దేశించిన 14567 సంఖ్య ప్రతి ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలలో ఉండదగినవి.

తెర లేని దారి కూడా ఉండవలసినదే. స్మార్ట్‌ఫోను లేనివారు మామూలు మీటల ఫోను నుంచి మాటలు విని అంకెలు నొక్కి డబ్బు పంపుకొనే సౌకర్యాన్ని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించింది. జీవన ధ్రువపత్రం కోసం తపాలా ఉద్యోగిని ఇంటికే రప్పించుకొనే ఏర్పాటు 2020 నవంబరు నుంచి ఉన్నది. జపానులో ఎన్.టి.టి. డొకొమో సంస్థ 'రాకు రాకు' అనే పేరుతో వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఫోనులు విక్రయించింది. ఆ పేరుకు 'సులువు' అని అర్థం. ముగ్గురు ఆత్మీయులను ఒక్క నొక్కుతో పిలిచే మూడు మీటలు, అవతలివారి మాటను నెమ్మదింపజేసి వినిపించే సదుపాయం ఆ ఫోనులలో ప్రసిద్ధి పొందాయి.

హక్కుగా గుర్తింపు

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించింది. యాసిడ్ దాడికి గురైనవారు, చూపు లేనివారు వేసిన వ్యాజ్యాలపై వెలువడిన తీర్పు అది. గుర్తింపు కోసం కనురెప్పలు ఆర్పి చూపమని తెర కోరితే, దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఆ పని చేయలేరు. డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని న్యాయస్థానం ప్రకటించి, ఈ ప్రక్రియలను అందరికీ అందుబాటులోకి తేవడానికి ఇరవై ఆదేశాలు జారీ చేసింది. వికలాంగుల కోసం వేసిన ఈ బాట మీద వృద్ధులు కూడా నడుస్తారు. మెట్ల పక్కన చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలుదారి మీద ఊతకర్ర పట్టిన అవ్వ సైతం పైకి చేరుతుంది కదా.

ఇక చేయవలసిన పని రెండు తావులలో ఉన్నది. మొదటిది రూపకర్తల గదిలో. హైదరాబాదులోనో, బెంగళూరులోనో కూర్చొని తెరను గీసే యువ ఇంజనీరు, దానిని విడుదల చేసే ముందు శ్రీకాకుళం పల్లెలోని అవ్వకు, పాతబస్తీలోని ఉర్దూ చదివే పెద్దమనిషికి, మయూర్‌భంజ్‌లోని సంతాలీ వృద్ధునికి ఇచ్చి, పక్కన మౌనంగా కూర్చొని గమనించాలి. వారి వేలు ఎక్కడ ఆగినదో, చూపు ఎక్కడ వెదికినదో అక్కడ తెరను దిద్దాలి. దేశ సమైక్యత గురించి చెప్పుకొనే మాటలన్నీ ఇటువంటి చిన్న పనులలోనే రూపం ధరిస్తాయి.

రెండవ తావు ఇల్లు. పాఠశాలలలో, కళాశాలలలో చదివే యువతీయువకులు తాతయ్య చేతిలోని ఫోనును తీసుకొని, క్షణంలో పని చేసి తిరిగి ఇస్తారు. పని అవుతుంది, కాని మరుసటి నవంబరుకు ఆయన మళ్లీ ఎదురుచూడవలసిందే. అక్షరాలను పెద్దవి చేసి, భాషను మార్చి, అనవసరమైన బొమ్మలను తొలగించి, ఫోనును ఆయన చేతిలోనే ఉంచి, ఆయన వేలితోనే నొక్కనివ్వడం కొంచెం ఆలస్యమైనా నిజమైన సహాయం. పిన్ సంఖ్య మాత్రం మనుమలకు సైతం చెప్పరాదని కూడా అప్పుడే చెప్పాలి.

లెక్కల ఉపాధ్యాయుడు తన కాలంలో నల్లబల్ల మీద చివరి వరుస విద్యార్థికి సైతం కనిపించేటంత పెద్దగా అంకెలు రాసి ఉంటాడు. చివరి వరుసవానికి కనిపించకపోతే అది విద్యార్థి తప్పని ఏ మంచి ఉపాధ్యాయుడూ అనడు. సుద్దముక్క తీసుకొని మళ్లీ పెద్దగా రాస్తాడు. ఈనాడు ఆయనే చివరి వరుసలో కూర్చున్నాడు. తెర మీద రాసే తరం ఆయన నేర్పిన ఆ పాఠాన్ని ఆయనకే అప్పజెప్పవలసి ఉన్నది.